చెమ్మబాబు టేకు నేల

మా మేనల్లుడు విశాఖపట్నంలో ఫ్లాటు కొన్నాడు. హాల్లో చెక్క ఫ్లోరింగు వేయిస్తున్నాను, ఒకసారి వచ్చి చూడు మావయ్యా అంటే వెళ్ళాను. చెక్క ఇంకా రాలేదు. కాంక్రీటు నేల బోసిగా ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టానో లేదో, కుడి మడమ నేలకేసి నొక్కి, కళ్ళు సగం మూసి అలాగే నిలబడిపోయాను.

"ఏంటి మావయ్యా, కాలు పట్టేసిందా?" అన్నాడు వాడు.

కాలు పట్టెయ్యలేదు. ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆ మడమ నొక్కడం నాది కాదు. తొంభైల్లో నేను చోడవరంలో తెలుగు మాస్టారుగా ఉన్నప్పుడు ఒకాయన దగ్గర అంటుకున్న అలవాటు. పొడుం పీల్చడం, పేకాట లాంటివి అంటుకుంటాయని విన్నాను గానీ నేల మీద మడమ నొక్కడం కూడా అంటుకుంటుందని నాకు తెలియదు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. అలవాటు మాత్రం నా కాల్లో ఉండిపోయినట్టుంది.

ఆయన పేరు రాయను. రాసినా చోడవరంలో చాలామందికి అది ఎవరి పేరో తెలియదు. ఎదురుగా ఉంటే "బాబుగారూ" అనేవారు, పక్కకి తిరిగితే "చెమ్మబాబు" అనేవారు. పక్కకి తిరిగి అంటున్న మాట ఆయనకి తెలుసు. తెలిసి కోప్పడేవాడు కాదు సరికదా, లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా.

ఆయనది బెల్లం వ్యాపారం. సీజన్లో వడ్డాది, చీడికాడ వైపు రైతుల దగ్గర దిమ్మలు కొని, గొడౌన్లో నిలవచేసి, ధర వచ్చినప్పుడు అనకాపల్లి మార్కెట్టుకి పంపేవాడు. బెల్లానికి దొంగ కన్నా, చీమ కన్నా పెద్ద శత్రువు చెమ్మ. నిలవున్న దిమ్మకి కాస్త చెమ్మ తగిలితే చాలు, రంగు మారుతుంది, మెత్తబడుతుంది, చివరికి నీరు కారుతుంది. తండ్రి కాలం నుంచీ ఆ శత్రువు మీదే కన్నేసి ఉంచడం వల్ల ఆయనకి ప్రపంచం రెండు రకాలుగా కనిపించేది. ఆరినది ఒకటి, ఆరనిది ఒకటి. మనుషుల్ని కూడా ఆ లెక్కలోనే చూసేవాడేమోనని నాకు అనుమానం.

ఎవరింటికి వెళ్ళినా ముందు చెప్పులు విడిచేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. గది మధ్యలో నిలబడి కుడి మడమ నేలకి ఆనించి, శరీరం బరువంతా దాని మీద వేసి, కళ్ళు సగం మూసేవాడు. ఇంట్లోవాళ్ళు డాక్టరు గారి ముందు నిలబడ్డట్టు చుట్టూ నిలబడేవాళ్ళు. కాసేపటికి కళ్ళు తెరిచి తీర్పు చెప్పేవాడు.

"ఆ మూల నీరు తాగతన్నాది. బియ్యం బస్తా అక్కడి నుంచి తీసీయండి."

అరచేత్తో చూడొచ్చు కదా అని నేనోసారి అడిగాను. "సెయ్యికి సెమట పడతాది మాస్టారూ. దాని తడేదో నేల తడేదో దానికే తెలీదు. మడమకి ఆ గొడవ నేదు" అన్నాడు. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా గచ్చు పోసిన తర్వాత ఒకసారి ఆయన్ని పిలిచి మడమ పెట్టించుకోవడం ఒక మర్యాద అయిపోయింది. పిలుపు వస్తే ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్ళేవాడు.

నేను అద్దెకి దిగిన గదికి కూడా వచ్చాడు. పడమటి గోడ పక్కన పెట్టె పెట్టొద్దన్నాడు. వినలేదు. వానలు పట్టాక పెట్టె తెరిస్తే నా తెల్ల పంచెల మీద బూజు పచ్చగా మొలిచి ఉంది. నేను ముందే చెప్పాను అని ఆయన దెప్పలేదు అని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆ సంవత్సరమంతా దెప్పాడు. బస్టాండులో కనిపించినా "మాస్టారూ, పంచె ఆరిందేటి?" అని గట్టిగా అడిగేవాడు.

"తడి కనపడదు మాస్టారూ. బయటపడతాది" అనేది ఆయన తరచూ అనే మాట. బెల్లం గురించే అనేవాడో ఇంకేమైనా అనేవాడో నాకు అప్పట్లో తెలిసేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఆయన, ఆయన అక్క. అక్కని ఆ వైపు అప్ప అంటారు. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని ఆవిడే పెంచింది. అప్పకి పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే భర్త పోయాడు. అత్తవారు ఆ చావుని ఆవిడ పాదం మీద పెట్టి పుట్టింటికి పంపేశారు. ఆ మాట ఆవిడ ఎంత లోపలికి తీసుకుందో నాకు మెల్లగా అర్థమైంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకి వెళితే వంటశాల దాటి ఇవతలికి వచ్చేది కాదు. ఎవరైనా మంచి పని మీద బయల్దేరుతుంటే తనే ముందు గుమ్మం తప్పుకునేది.

ఆయన దీన్ని నోటితో ఖండించడం నేనెప్పుడూ వినలేదు. కానీ ఏటా సీజన్లో గొడౌనుకి వచ్చే మొదటి దిమ్మని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేవాడు. ఆవిడ చేతులు వెనక్కి లాక్కునేది. "నాకెందుకురా, ఎవరైనా ముత్తయిదువ చేతిలో పెట్టు" అనేది. ఈయన దిమ్మ పట్టుకుని ఆవిడ తీసుకునేదాకా అక్కడే నిలబడేవాడు. మోసుకొచ్చిన కూలీలు కూడా బస్తాలు భుజాన పెట్టుకుని నిలబడాల్సి వచ్చేది. చివరికి వాళ్ళ మీద జాలితో ఆవిడ పుచ్చుకునేది.

ఇక ఆయన రెండో పిచ్చి షటిల్. మా ఊళ్ళో రేకుల షెడ్డు కింద ఒక క్లబ్బు ఉండేది. ఒకటే కోర్టు, సిమెంటు గచ్చు. నాకు షటిల్ రాదు. అందుకే నన్ను కార్యదర్శిని చేశారు. ఆడనివాడైతే కోర్టు కోసం పోట్లాడడని వాళ్ళ ధీమా. ఆయన మాత్రం తెల్లారేసరికి బనీనూ నిక్కరూ వేసుకుని, మోకాళ్ళకి నూనె పట్టించి వచ్చేసేవాడు. ఆటగాడిగా గొప్పవాడేం కాదు. గీత మీద పడిన కాక్ అవుటో కాదో తేలడానికి ఆయనతో పెట్టుకునేకన్నా ఆ పాయింటు వదులుకోవడమే సుఖం. ఎగిరి కొట్టి గచ్చు మీద దిగినప్పుడల్లా "అమ్మా" అనేవాడు. ఆయనొక్కడే కాదు, నలభై దాటిన సభ్యులందరూ అనేవాళ్ళు. సిమెంటు మీద ఆడి ఆడి అందరి మోకాళ్ళూ అరిగాయి.

చెక్క నేల వేస్తే బాగుంటుందన్న మాట ఎప్పుడు పుట్టిందో గుర్తులేదు. అంత చెక్క ఎక్కడిదని ఆ మాట అక్కడే ఆగిపోయేది. ఒకరోజు ఈయన "మా గొడౌను అటక ఇప్పితే సరిపోతాది" అన్నాడు. గొడౌన్లో బెల్లం నేలకి తగలకుండా పైన దాచడానికి వాళ్ళ నాన్న ఆ చివర నుంచి ఈ చివరకి టేకు చెక్కతో అటక వేయించాడు. నేను వెళ్ళి చూశాను. వెడల్పాటి పలకలు, ఒక్క పగులు లేదు. అన్నేళ్ళ బెల్లం వాసన వాటిలో ఇంకిపోయి ఉంది.

అప్పని అడగడానికి వెళుతూ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"అప్పా, అటక ఇప్పేద్దామనుకుంటన్నాను."

"నాన్న ఏయించిన అటకరా అది. దేనికి?"

"ఆటకి."

ఆవిడ నావైపు చూసింది. నేను చింతపండు వైపు చూశాను.

"నీ మోకాళ్ళ కోసమేటి?"

"నా మోకాళ్ళ కోసమే."

ఆవిడ ఇంకో నాలుగు గింజలు తీసింది. "అయితే ఇప్పీ. పాడుసెయ్యకు. అలాంటి సెక్క మళ్ళీ రాదు" అంది. ఆయన తల ఊపాడు. బయటికి వచ్చాక అన్నాడు, "ఎప్పుడు ఎయ్యాలో నేను సెప్పినప్పుడే ఎయ్యాల మాస్టారూ. అది ఒప్పుకుంటేనే ఇస్తాను" అని.

ఒప్పుకున్నాం. ఏం ఒప్పుకున్నామో తర్వాత తెలిసింది.

వేసవిలో పాత గచ్చు తవ్వించి కాంక్రీటు పోయించాం. చుట్టూ కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టి క్యూరింగు చేయించాం. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. రేకుల కింద నేల మాత్రం తెల్లగా, పొడిగా కనిపిస్తోంది. మా అధ్యక్షుడు రైసుమిల్లు యజమాని, తొందర మనిషి. "దసరాకి చెక్క వేసేసి ఆట మొదలెట్టేద్దాం" అన్నాడు. ఆ మర్నాడు బాబుగారు రెండు బెల్లం ముక్కలు, రెండు స్టీలు గిన్నెలు, ఒక పళ్ళెం, ఒక కొవ్వొత్తి పట్టుకుని వచ్చాడు.

ఒక ముక్కని కాంక్రీటు మీద పెట్టి దానిమీద గిన్నె బోర్లించాడు. రెండో ముక్కని పళ్ళెంలో పెట్టి దానిమీద రెండో గిన్నె బోర్లించాడు. రెండింటి అంచుల చుట్టూ కొవ్వొత్తి మైనం కార్చి, చీమ కూడా దూరకుండా మూశాడు. అధ్యక్షుడు పకపకా నవ్వాడు. "వానాకాలంలో బెల్లం ఎక్కడ పెట్టినా చెమ్మగిల్లుతుంది బాబుగారూ."

"అందుకే కదా రెండు పెట్టేను. గాలిలో తడైతే రెండూ ఒక్కలాగే ఉంటాయి. నేలలో తడైతే కింద పళ్ళెం ఉన్నది బతుకుతాది."

మర్నాడు మైనం గీకి తీస్తే, పళ్ళెంలో ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. కాంక్రీటు మీది ముక్క నల్లబడి, వేలికి అంటుకుని తీగలా సాగింది. ఆయన ఆ వేలు మా అందరికీ చూపించాడు.

"పైన ఆరినట్టే ఉంటాది. కడుపులో నీరుంటాది. సెక్క ఏసి మూసేస్తే ఆ నీరు ఎటెల్తాది? సెక్కలోకే ఎల్తాది. సెక్క పొంగుతాది, లేస్తాది."

మాకు తెలిసిన ఇంజనీరుని అడిగితే ఆయనా అదే చెప్పాడు. కాంక్రీటు బాగా ఆరాలన్నాడు, కింద తేమ పైకి రాకుండా షీటు వేయాలన్నాడు. తేడా ఏమిటంటే ఇంజనీరు ఒకసారి చెప్పి ఊరుకున్నాడు, ఈయన రోజూ చెప్పాడు. దసరా వెళ్ళిపోయింది, దీపావళి వెళ్ళిపోయింది. బెల్లం అంటుకుంటూనే ఉంది. సభ్యులు స్కూలు మైదానంలో గాలికి కొట్టుకుపోయే కాక్‌తో ఆడుతూ నన్ను తిట్టేవాళ్ళు. ఆయన్ని తిట్టే ధైర్యం లేక నన్ను తిట్టేవాళ్ళు. చివరికి మీటింగు పెట్టి ఓటింగు అన్నారు.

"ఓటేసుకోండి. బెల్లం ఓటెయ్యదు" అని లేచి వెళ్ళిపోయాడు. ఓటింగు జరగలేదు.

మాఘం వచ్చాక ఒక ఉదయం గిన్నెలు తీస్తే రెండు ముక్కలూ ఒక్కలాగే గట్టిగా ఉన్నాయి. ఆయన పళ్ళెంలో ముక్క తను నోట్లో వేసుకుని, కాంక్రీటు మీది ముక్క నాకిచ్చాడు. "తినండి మాస్టారూ, ప్రసాదం" అన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ అంత పచ్చిగా చూడలేదు.

చెక్క పని చేయడానికి అనకాపల్లి నుంచి ఒక ముస్లిం మేస్త్రీ వచ్చాడు. అందరూ భాయ్ అనేవారు. టేకు పలకలు అప్పటికే షెడ్డులో మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉన్నాయి, అక్కడి గాలికి అలవాటు పడాలని. ముందు కాంక్రీటు మీద వేడి తారు పూశారు. దాని మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచారు. షీటు మీద రీపర్లనే సన్నటి కర్ర బద్దలు, వాటి మీద పలకలు. గోడల దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. చెక్క వానకి పెరిగి వేసవికి తరుగుతుంది, గోడకి ఆనించకుండా వేలెడు సందు వదలాలని భాయ్ పట్టు. గోడలోంచి తేమ రాకుండా షీటు అంచుల్ని పైకి మడవాలని ఈయన పట్టు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరి మాటా నెగ్గింది. సందూ వదిలారు, షీటూ మడిచారు. చిత్రిక పట్టాక ఆ నేల తేనె రంగులో మెరిసింది. కొన్నాళ్ళు ఆడి చూసి అప్పుడు పాలిష్ పెడదామన్నారు.

ప్రారంభోత్సవానికి విశాఖపట్నం నుంచి రావడానికి, ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిన ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆయన్ని తీసుకురావడానికి బాబుగారే ముందురోజు సాయంత్రం బయల్దేరాడు. మధ్యాహ్నం నుంచి నేను ఆయనతోనే ఉన్నాను. భాయ్ మనుషులు చివరి మేకులు కొట్టి వెళ్ళేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆయన షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి ఇంట్లో మేకుకి తగిలించాడు. నేను బస్సు ఎక్కించి వచ్చాను.

మర్నాడు కుర్చీలు వేయిద్దామని తెల్లవారుతుండగానే వెళ్ళాను. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మెట్ల మీద అప్ప కూర్చుని చీర కుచ్చెళ్ళు పిండుకుంటోంది. పక్కన ఇత్తడి బిందె. లోపల టేకు నేల తడితడిగా, పసుపు వాసనతో నిగనిగలాడుతోంది.

"కడిగేసేను బాబూ" అంది. "పొట్టూ, మేస్త్రీల కాలి మట్టీ, నీళ్ళు నల్లగా దిగేయి. నాన్న సెక్కలు కదా, కడక్కుండా పదిమంది కాళ్ళ కింద ఎలా పెడతాం? మీరెవరితోనూ అనకండి. శుభమా అని మొదలెడతన్నారు, నా సెయ్యి పడిందంటే ఏటేటో అంటారు. అందుకే ఎవరూ లెగకముందే వచ్చేసేను."

బోరింగు దగ్గర నుంచి బిందె మీద బిందె మోసుకొచ్చి పోసింది. ఆ వయసులో. నేను చాలా బాగుందమ్మా అన్నాను. నిజంగా బాగుంది. ఏడాది పొడుగునా మేమందరం కింద నుంచి వచ్చే తడి గురించే మాట్లాడుకున్నాం. పైనుంచి ఎవరైనా నీళ్ళు పోస్తారన్న ఆలోచన ఆయనకి రాలేదు, భాయ్‌కి రాలేదు, ఇంజనీరుకీ రాలేదు. కొత్త నేల మీద పసుపు నీళ్ళు పడకుండా మా వైపు ఏ మంచి పనీ మొదలవదు. ఆ సంగతి తెలియనివాడు ఆ ఊళ్ళో లేడు. అయినా ఎవరికీ తట్టలేదు.

కారు పది దాటాక వచ్చింది. దండలు, చప్పట్లు అయ్యాయి. అప్ప ఆడవాళ్ళ వెనక స్తంభం పక్కన నిలబడింది. బాబుగారు అతిథిని కోర్టులోకి తీసుకొస్తూ అలవాటుగా చెప్పులు విడిచాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. కుడి మడమ ఆనించాడు. అతిథి ముందుకు వెళ్ళిపోయాడు, ఈయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత గోడవారకి వెళ్ళి, దండ సర్దుతున్నట్టు వంగి, ఆ వేలెడు సందులోకి వేలు పెట్టి తీశాడు. వేలు తడిసింది. పైకి మడిచిన షీటు ఆ నీళ్ళని తొట్టిలా పట్టుకుని ఉంచింది. పోసిన నీళ్ళు పోయే దారి లేదు.

తలెత్తి నావైపు చూశాడు. నాకు అప్పుడే అర్థమై నోరు తెరవబోయాను. ఆయన చూపు నా మీంచి స్తంభం దగ్గరకి వెళ్ళింది. అక్కడ అప్ప చేతులు కట్టుకుని, చిన్నపిల్లలా సంబరపడుతూ నేలని చూస్తోంది. ఆవిడ కుచ్చెళ్ళు ఇంకా తడి ఆరలేదు. ఆయన వేలు చొక్కాకి తుడుచుకుని నా దగ్గరకి వచ్చి, చెవిలో ఒక్క మాటన్నాడు.

"మీరేటీ సూడనేదు మాస్టారూ."

ఆట మొదలైంది. ఆయనా ఆడాడు. ఆ రోజు ఏ గీత మీదా ఎవరితోనూ పోట్లాడలేదు.

కొన్నాళ్ళకి నేల పొంగింది. పలకల అంచులు పైకి లేచాయి, మేకులు ఊడి వచ్చాయి, ఒకచోట కాలు తట్టుకుని మనిషి పడ్డాడు. భాయ్‌ని పిలిచి విప్పిస్తే షీటు మీద నీళ్ళు నిలవుండి కంపు కొడుతున్నాయి. నీళ్ళలో పసుపు ఇంకా తెలుస్తోంది. కింద కాంక్రీటు మాత్రం పొడిగా ఉంది. సాయంత్రం అందరూ అక్కడే గుమిగూడారు. అధ్యక్షుడు ఉగ్రుడైపోయాడు.

"ఎవడు కడిగాడో ఇప్పుడు తేలాలి. తాళం ఎవరి దగ్గరుంది?"

గుంపులోంచి ఎవరో సన్నగా అన్నారు, "పసుపు నీళ్ళంటే ఆడవాళ్ళ పనే అయ్యుంటుంది. వాళ్ళింట్లో ఆడమనిషంటే..." అని. ఆ మాట పూర్తయితే తర్వాత ఏ మాట వస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు. చోడవరంలోనే కాదు, ఆవిడ అత్తవారి ఊళ్ళో కూడా వినపడేది.

"నేనే కడిగేను" అన్నాడు బాబుగారు.

అందరూ ఆయనవైపు తిరిగారు.

"ఆ ముందురోజు సాయంత్రం, బస్సెక్కే ముందు. పసుపు కలిపి, పైపు పెట్టి కడిగేను. బుద్ధి గడ్డి తిన్నాది."

అందరూ నమ్మలేనట్టు చూశారు. అధ్యక్షుడు నమ్మాడు. నమ్మి, నవ్వడం మొదలుపెట్టాడు. "ఏడాది పాటు బెల్లం పెట్టి మా ప్రాణం తీసి, చివరికి మీరే పైపు పెట్టి కడిగారా?" దాంతో అందరూ నవ్వారు. కోపం పోయి నవ్వు వచ్చింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను పలకలు లెక్కపెడుతున్నట్టు కిందికి వంగాను. నా కళ్ళు నిండాయి.

అక్కడి నుంచి ఆయనతో పాటు వాళ్ళింటికి వెళ్ళాను. అప్ప గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ పాటికే కబురు చేరింది.

"నేను కడిగినందుకేనేట్రా?" అంది.

"నీ బిందెడు నీళ్ళకి ఏటవుతాది అప్పా! ముందురోజే నేను పైపు పెట్టి చెరువు సేసేసేను. కావాలంటే మాస్టార్ని అడుగు."

ఆవిడ నన్నడగలేదు. తమ్ముణ్ణి కింద నుంచి పైదాకా చూసి, "నీకు మతేటి? నాన్న సెక్కలు పొట్టన పెట్టుకున్నావు కదరా, తెలివితక్కువ ఎదవా!" అని మొదలుపెట్టింది. ఆయన తలవంచుకుని తిట్లు తింటూ కాళ్ళు కడుక్కున్నాడు.

చెక్కలు షెడ్డులో నీడన ఆరబెడితే సగానికి పైగా పనికొచ్చాయి. తక్కిన మేరకు మామూలు కర్ర కలిపి భాయ్ మళ్ళీ నేల వేశాడు. ఆ కోర్టు మీద ఆట బాగానే సాగింది. ఆయన మాట మాత్రం మళ్ళీ నిలబడలేదు. గచ్చులు చూడమని పిలవడం మానేశారు. చెమ్మబాబు పోయి పైపుబాబు అయ్యాడు. గృహప్రవేశం పిలుపుకి వచ్చినవాళ్ళు "పైపు మాత్రం తేకండి బాబుగారూ" అనేవారు. పక్కనే నేనుంటే ఆయన నా వైపు చూసేవాడు కాదు. మడమ నొక్కడం మాత్రం మానలేదు. లోపల తీర్పు చెప్పుకుని, పైకి ఏమీ అనకుండా కుర్చీలో కూర్చునేవాడు. ఆ కూర్చోవడం చూసి, ఆయనతో నిజం చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. "నా పరువుకి తడి తగిలితే ఆరతాది మాస్టారూ. అప్పకి తగిలితే ఆరదు" అన్నాడు.

ఇంట్లో అప్ప మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎవరు వచ్చినా ఆ కథ ఎత్తేది. "అన్నీ తెలిసినోడు, పైపు పెట్టి కడిగేడమ్మా" అని నా ఎదురుగానే ఎన్నిసార్లు అందో. అమాయకురాలు, ఈయన ఎందుకు పడుతున్నాడో తెలియదు పాపం అనుకునేవాణ్ణి.

నాకు బదిలీ అయింది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన పోయాడని కబురు వస్తే దినకార్యానికి వెళ్ళాను. అప్ప బాగా వంగిపోయి, అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళకి అదే కథ చెబుతోంది. వాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక తల ఊపుతున్నారు. అందరూ భోజనాలకి లేచాక నన్ను చేత్తో పిలిచి పక్కన కూర్చోమంది.

"ఆ ముందురోజు మీరిద్దరూ కలిసే ఉన్నారు కదా మాస్టారూ."

"అవునమ్మా."

"ఆడు కడగనేదు."

నేను ఆవిడ మొహంలోకి చూశాను.

"నాకు అప్పుడే తెలుసు బాబూ. పొట్టూ, మట్టీ అంతా నా నీళ్ళల్లోనే దిగింది. ముందురోజు పైపు పెట్టి కడిగిన నేల మీద అంత మట్టి ఎక్కడిది?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకలా తిట్టారమ్మా?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఆడికి తెలిసిపోతాది. ఊరంతా నవ్వితే పడ్డాడు కదా, అది నాకోసం కదా. నేను నమ్మేననుకుంటేనే ఆడికి నిద్ర పడతాది. నేను తిట్టినప్పుడల్లా ఆడి మొకం సూడాల మీరు. గెలిచినట్టు మురిసిపోయేవోడు."

కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోపల విస్తళ్ళు వేస్తున్న చప్పుడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, నన్నే ఓదారుస్తున్నట్టు తట్టింది.

"రోజూ తెల్లారి కాఫీ గ్లాసు సేతికిస్తా ఓ తిట్టు తిట్టీదాన్ని. ఇప్పుడు తెల్లారి లేచి ఎవర్ని తిట్టను బాబూ?"